వాదసభలో నేర్చిన విద్య: సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితము

మాటలాడుట మనుష్యజాతి కెల్ల సహజమే. కాని సభామధ్యమున నిలిచి, ప్రతిపక్షుని వాదమును తుదివఱకు సావధానముగ విని, దానికి దగిన సమాధానమును మర్యాద దప్పక చెప్పి, ఓట్ల లెక్కలో నోడినను మొగము చిన్నబుచ్చుకొనక మఱుసటి సభకు మరల వచ్చుట యనునది యభ్యాసమువలన గాని యలవడని విద్య. మన గ్రామముల రచ్చబండలకడ వాదములు పూర్వమునుండియు గలవు. అచ్చట పెద్దలు పలుకుదురు, పిన్నలు విందురు. పిన్నలకు గూడ పలుకు నధికార మిచ్చి, వారి మాటకు వయస్సును బట్టి గాక హేతువును బట్టి విలువ గట్టు పద్ధతి విశ్వవిద్యాలయముల వాదసభలవలన మనకు సంక్రమించినది. అట్టి సభలలో మిగుల ప్రసిద్ధమైన దానియందు, పరదేశమున, పరభాషలో, పాలకజాతివారి నడుమ నిలిచి యున్నతస్థానమునకు వచ్చిన తెలుగుబిడ్డ సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారిని విద్యావేత్తగను, విమర్శకునిగను, రాజనీతిజ్ఞునిగను అనేకులు వర్ణించియున్నారు. ఈ వ్యాసమున వారినొక వాదసభా సభ్యునిగ జూచి, ఆ సభలో నేర్చినది తరువాతి జీవితమున నెట్లు పనిచేసెనో చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన, చిత్తూరునకు జేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాదులు. ఆ సీమ యప్పటికి ఉత్తరార్కాడు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. తెలుగు, తమిళము, కన్నడము కలిసిమెలిసి వినవచ్చు నా ప్రాంతమున బుట్టి పెరిగినవారికి, ఒకే సంగతిని పలువురు పలువిధముల జెప్పుట చిన్ననాటినుండియు నెఱుకయే. చిత్తూరున చదువు ముగించుకొని రెడ్డిగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో జేరిరి. ఆ కళాశాల యప్పుడింకను నగరమధ్యముననే యుండెను. తాంబరమునకు దరలినది 1937లో. విలియం మిల్లరు దొర ప్రధానాచార్యులు. పాఠములు వల్లించుటయే చదువని భావింపక, విద్యార్థులు సంఘములుగ గూడి పఠించుట, వాదించుట, వ్రాయుట విద్యలో భాగమని తలచిన పండితుడాయన.

ఆ కళాశాలయందలి తెలుగు భాషాసంఘము పద్యరచనలో నొక పోటీ నేర్పఱచెను. ఇరువదియేండ్ల ప్రాయపు రెడ్డిగారు ఆ పోటీకై రచించిన కావ్యమే ముసలమ్మ మరణము. అనంతపుర సీమలోని బుక్కరాయసముద్రపు చెఱువుకట్ట తెగ సిద్ధమై యూరు మునుగబోవు సమయమున, బసిరెడ్డి యింటి చిన్నకోడలు ముసలమ్మ గ్రామరక్షణకై తన ప్రాణము నర్పించిన కథ యది. బహుమానము వారికే దక్కినది. రాజులను, దేవతలను విడిచి, ఒక రైతుకుటుంబపు కోడలిని కావ్యనాయికగ నెన్నుకొనుట యానాటికి సాహసమే. ఈ పోటీని మేము ప్రత్యేకముగ బేర్కొనుటకు గారణము గలదు. తోడివారి యెదుట తన పనిని నిలిపి, వారి తీర్పునకు లోబడుటలోని భయమును, ఆనందమును రెడ్డిగారు మొదట జవిచూచినది పరదేశమున గాదు. తెలుగు సంఘముననే, తెలుగు పద్యముతోనే.

బి.ఏ. పరీక్షలో నుత్తమశ్రేణిని గాంచి, ప్రభుత్వమువారి విద్యార్థివేతనమును బొంది, 1902లో వారు ఇంగ్లాండు వెడలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్స్ కళాశాల బ్రవేశించిరి. చరిత్ర వారి ప్రధాన విషయము. అచ్చటి విద్యార్థుల వాదసభకు కేంబ్రిడ్జి యూనియన్ సొసైటీ యని పేరు.

ఆ సభ చరిత్రమును గొంత చెప్పవలసియున్నది. అది 1815లో స్థాపితమైనది. రెండేండ్లు గడిచిన పిదప, 1817లో, విద్యార్థులు రాజ్యవ్యవహారములను చర్చించుట యనుచితమని విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు దానిని మూయించెను. ఆ వైస్ ఛాన్సలరు జేమ్స్ వుడ్ అనునాయన. సెయింట్ జాన్స్ కళాశాలకు నధిపతి. అనగా, తరువాత రెడ్డిగారు జదివిన కళాశాలకే యధిపతి యన్నమాట. వర్తమాన రాజకీయములను జోలికి రానీయరాదను నిబంధనతో 1821లో మరల తలుపులు దెఱచిరి. కాలక్రమమున నా నిబంధన సడలినది. 1866లో, ఊరినడుమ గుండ్రని చర్చి వెనుక, సభకు స్వంత భవనమేర్పడెను. అందలి వాదశాల బ్రిటిషు పార్లమెంటు ననుసరించి, ఇరుపక్షముల బల్లలు నెదురెదురుగ నుండునట్లు గట్టబడినది. మధ్య నున్నతాసనమున నధ్యక్షుడు కూర్చుండును. పదవులన్నియు విద్యార్థులవే, టెర్ము టెర్మునకు నెన్నికలు జరుగును. ఆ కాలమున స్త్రీలకు సభ్యత్వము లేకుండెను. 1963లో గాని వారికి దలుపులు దెఱువలేదు. ఆ పిదప 1967లో ఆన్ మలాలియూ యను విద్యార్థిని యధ్యక్షపదవి నలంకరించెను.

క్రొత్తగ జేరిన విద్యార్థికి ఆ సభలో మాటలాడు నవకాశము సులభముగ దొరకునది కాదు. ముందుగ నిర్ణయింపబడిన ప్రధానవక్తలు తీర్మానమును ప్రతిపాదించుటయు, ఎదిర్చుటయు, బలపఱచుటయు ముగియవలయును. అంతట సామాన్యసభ్యులకు వంతు వచ్చును. అప్పటికి ప్రొద్దుపోయి, శ్రోతలలో గొందఱు లేచిపోవుచుందురు, మిగిలినవారు విసిగియుందురు. అట్టి సమయమున లేచి, అధ్యక్షుని దృష్టి నాకర్షించి, కొలది నిమిషములలో నేదేని నొక నూతనయుక్తిని చెప్పి కూర్చుండవలయును. వ్రాసికొనివచ్చిన దానిని చదివినచో నెవ్వరు మెచ్చరు. నడుమ నెవరైన ప్రశ్న వేసినచో తడబడక బదులు చెప్పవలయును. హాస్యము వలయును; కాని హాస్యమే వాదమైనచో సభ నవ్వి, ఓటు మాత్రమింకొకరికి వేయును. ఇట్లు పలుమాఱులు మాటలాడి మెప్పు వడసినవానినే ప్రధానవక్తగ నాహ్వానింతురు. అటుపిమ్మటనే కార్యవర్గము, కార్యదర్శిత్వము, ఉపాధ్యక్షత మున్నగు పదవులకు సభ్యులు వోట్లు వేయుదురు.

భారతీయ విద్యార్థులకు దీనితోబాటు మఱి కొన్ని క్లేశములు గలవు. భాష నేర్చినది పుస్తకములవలన, ఉచ్చారణ వేఱు. శ్రోతలలో బలువురు తరువాత సివిలు సర్వీసునకు వచ్చి మనలను బాలింపదలచినవారు. ఇండియా ప్రసక్తి వచ్చినప్పుడు, మనవాడు కోపించినచో ననుభవశూన్యుడని, మృదువుగ బలికినచో భయస్థుడని తలచు ప్రమాదము గలదు. కాబట్టియే భారతీయులలో ననేకులు 1891లో స్థాపితమైన ఇండియన్ మజ్లిస్ అను తమ సంఘములో మాత్రము స్వేచ్ఛగ మాటలాడి తృప్తిపడుచుండిరి. ఆ సంకోచ మెంతటిదో యొక దృష్టాంతము చాలును. రెడ్డిగారి తరువాత, 1907లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో జేరిన జవహర్‌లాల్ నెహ్రూగారు అచ్చటి మాగ్‌పై అండ్ స్టంప్ అను కళాశాలా వాదసంఘమున సభ్యులైరి. ఒక టెర్ము పొడుగునను నోరు విప్పని సభ్యుడు జుల్మానా చెల్లింపవలయునని యా సంఘపు నియమము. సిగ్గువలన మాటలాడలేక తాము పలుమాఱులు ఆ జుల్మానాను జెల్లించినట్లు నెహ్రూగారే తమ జీవితచరిత్రలో జెప్పుకొనియున్నారు. లక్షలాది జనుల నుద్దేశించి తరువాత ప్రసంగించిన మహానాయకునకే యట్టి దశ పట్టినదనిన, ఆ సభలయందు మొదటిసారి లేచి నిలుచుట యెంతటి పనియో యూహింపవచ్చును.

రెడ్డిగారు ఆ సంకోచమును జయించిరి. చరిత్రజ్ఞానము, ఆంగ్లభాషపై నధికారము, చురుకైన హాస్యము వారికి దోడ్పడినవి. యూనియన్ సభ్యులు వారిని ఉపాధ్యక్షునిగ నెన్నుకొనిరి. ఆ పదవి నందిన మొదటి భారతీయుడు వారేయని ప్రసిద్ధి. ఇది ప్రభుత్వము దయతో నొసగిన బిరుదు కాదు. ఓట్లు వేసినవారిలో మిక్కిలి భాగము ఆంగ్లేయ యువకులు. వారు వారముల తరబడి విని, తమ యిష్టముచే నొక తెలుగువానిని దమకు నాయకునిగ జేసికొనిరి. పాలకులకును పాలితులకును నడుమ నంతరము బలిసియున్న యాదినములలో నీ యెన్నిక మన విద్యార్థుల కెంత ధైర్యము గలిగించెనో వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఆ కాలపు యూనియన్ సభయందు వెలసిన మఱి కొందఱు మన దేశచరిత్రతో సంబంధించినవారు. ఎడ్విన్ మాంటేగు 1902లో దానికి అధ్యక్షుడు. అర్థశాస్త్రమున జగత్ప్రసిద్ధి గాంచిన జాన్ మేనార్డ్ కీన్స్ 1905లో అధ్యక్షుడు. ఆ సంవత్సరముననే కాంగ్రెసు ప్రతినిధిగ నింగ్లాండు వచ్చిన గోపాలకృష్ణ గోఖలేగారు యూనియన్‌లో భారతదేశ పరిపాలనమునందు ప్రజల కెక్కువ భాగము కావలయునని వాదింపగా, ఆ తీర్మానము విశేషాధిక్యముతో నెగ్గెను. సహేతుకముగ జెప్పినచో నెదుటివాడును మనవాడగునను విశ్వాసమునకు రెడ్డివంటి విద్యార్థుల కింతకంటె బ్రత్యక్షప్రమాణ మేమి వలయును?

స్వదేశమునకు వచ్చిన పిదప రెడ్డిగారు బరోడాలో శ్రీ అరవిందులు విడిచిన కళాశాలా పదవిలో నియమితులై, అటుపై మైసూరు మహారాజావారి కళాశాలకు వచ్చి చరిత్రాచార్యులును, ప్రధానాచార్యులును ఐరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయ మేర్పడుటలో వారి కృషి గలదు. 1918 మొదలు 1921 వఱకు ఆ సంస్థానమున విద్యాశాఖాధిపతిగ నుండిరి. అస్పృశ్యులని దూరముగ నుంచబడిన వర్గముల బాలురకు సర్కారు పాఠశాలలలో దక్కినవారితో సమానముగ బ్రవేశము గల్పింపవలయునని పట్టుపట్టిరి. సభలో నెవ్వని మాటయైనను సమానముగ వినదగినదని నేర్చినవాడు, పాఠశాలలో నెవ్వని బిడ్డయైనను సమానముగ గూర్చుండదగినదని తలచుట సహజమే కదా.

సాహిత్యమునందును వాదసభా లక్షణమే వారిలో గానవచ్చును. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున పింగళి సూరన కావ్యములను ముందుంచుకొని, మన ప్రబంధములయందలి గుణదోషములను నిర్మొగమాటముగ విచారించిరి. పూర్వకవులను బూజించుటయే గాని విమర్శించుట యెఱుగని పండితలోకమున నది గొప్ప కలకలమును బుట్టించెను. పలువురు ఖండించిరి. ఆ ఖండనములచే గ్రంథము మూలబడలేదు. మీదుమిక్కిలి తెలుగున నవీనవిమర్శకు నది మొదటిమెట్టని నేటికిని చెప్పుకొనుచున్నారు. ఎదిరింపబడుటచే మాట బలపడునే గాని చెడదనుటకు నీ గ్రంథమే సాక్షి.

1921లో మైసూరు కొలువు విడిచి రెడ్డిగారు చెన్నపురి రాజకీయములందు బ్రవేశించి, జస్టిసు పక్షమున జేరి శాసనసభ్యులైరి. ఆ శాసనసభ 1919 నాటి సంస్కరణముల ఫలము. ఆ సంస్కరణములు మాంటేగు, ఛెమ్స్‌ఫర్డు దొరల పేరిట బరగుచున్నవి. విద్యార్థిదశలో యూనియన్ సభ కధ్యక్షుడైన మాంటేగు గావించిన యేర్పాటులో, అదే సభ కుపాధ్యక్షుడైన తెలుగువాడు తన వాక్శక్తిని బ్రయోగింప దటస్థించినది.

ఇచ్చట వారి జీవితములోని కఠినపరీక్ష వచ్చినది. తాము జేరిన పక్షపు మంత్రివర్గము నియంతృత్వపు ధోరణిలో నడచుచున్నదనియు, దానికి నిర్దిష్టమైన కార్యక్రమము లేదనియు వారికి దోచెను. మంత్రివర్గమునకు నాయకులు పానగల్లు రాజావారు. గొప్ప మేధావులు, గౌరవనీయులు. పక్షములో బలువురు రెడ్డిగారికి మిత్రులు, బంధుప్రాయులు. లోలోపల గొణిగి, బయట జేతులెత్తుట సుఖమైన మార్గము. రెడ్డిగారది యవలంబింపలేదు. పక్షమును విడిచి, 1923 నవంబరు 27వ తేదీన శాసనసభలో మంత్రివర్గముపై నవిశ్వాస తీర్మానమును బ్రవేశపెట్టించి తామే వాదమును నడపిరి. క్రొత్తగ నేర్పడిన రాష్ట్ర శాసనసభల చరిత్రమున నట్టి తీర్మానములలో నిది మొదటిదిగ బరిగణింపబడుచున్నది. చర్చ ముగిసి వోట్లు లెక్కింపగా, అనుకూలముగ 44, ప్రతికూలముగ 65 వచ్చెను. తీర్మాన మోడిపోయినది. మంత్రివర్గము నిలిచినది.

ఓడిన యీ తీర్మానమును గూర్చి యిన్నేండ్లకు బిమ్మట చెప్పుకొనుట యేల యని కొంద ఱడుగవచ్చును. మంత్రులు ప్రజాప్రతినిధుల సభకు జవాబుదారులు. వారి పనులను దప్పుపట్టుట ద్రోహము కాదు. దానికి బహిరంగమైన, మర్యాదతో గూడిన విధాన మొకటి కలదు అను పాఠమును ఆ రెండు దినములలో మన దేశము నేర్చినది. గెలిచినవారును ఓడినవారును మఱునాడదే సభలో గూర్చుండిరి. కత్తి దూయక, కులముల జీల్చక, తీవ్రమైన భేదమును మాటలతోను వోట్లతోను దీర్చుకొనవచ్చునని చూపిన యోటమి యది. అట్టి యోటమి కొన్ని గెలుపులకంటె విలువ గలది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో స్థాపితమై, రెడ్డిగారు ప్రథమ వైస్ ఛాన్సలరుగ నియమితులైరి. తరువాత నది వాల్తేరునకు జేరినది. గ్రంథాలయము, శాస్త్రశాలలు, సాంకేతిక విద్య, తెలుగు సాహిత్యము మున్నగువానిని పునాదినుండి కట్టవలసిన కాలమది. అట్టి సమయమున 1930లో ఉప్పు సత్యాగ్రహముపై ప్రభుత్వ మవలంబించిన దమననీతిని నిరసించి, వారు పదవిని రాజీనామా చేసిరి. తాము నాటిన మొక్కను నడుమ విడిచివచ్చుట సామాన్యమైన త్యాగము కాదు. వారి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణగా రా పీఠము నలంకరించిరి. 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వఱకు నడపిరి. జయపుర మహారాజు శ్రీ విక్రమదేవవర్మగారి వంటి దాతల యౌదార్యము వారి కాలమున విశ్వవిద్యాలయమునకు గొండంత యండగ నిలిచినది. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినప్పుడు, విశ్వవిద్యాలయమును గుంటూరునకు దరలించి చదువు చెడకుండ గాచిరి.

వారి విషయమున విమర్శలు లేకపోలేదు. పక్షములు మార్చిరనియు, 1930లో ప్రభుత్వమును నిరసించి పదవిని విడిచినవారే 1942లో సర్ బిరుదమును స్వీకరించిరనియు నాక్షేపించినవారు గలరు. వాదసభలో నేపక్షముననైన మాటలాడ నేర్చినవానికి స్థిరత్వ ముండదనియు కొందఱు తలంతురు. ఇది తోసిపుచ్చదగిన యాక్షేపణ కాదు. వాదనేర్పు నిజాయితీ లేనిచోట గారడీయే యగును. కాని రెడ్డిగారి మార్పులను ఒక్కొక్కటిగ దీసిచూచినచో, 1923లోను 1930లోను మార్పువలన వారికి గలిగినది లాభము కాదు, నష్టమే. బలము గల పక్షమును విడిచి బలహీనపక్షమున నిలిచిరి. చేతనున్న పీఠమును విడిచిరి. బిరుదము విషయమున భిన్నాభిప్రాయ ముండుట న్యాయమే. తమపై వచ్చు భిన్నాభిప్రాయమునకు వెఱచు స్వభావము మాత్రము వారిది కాదు.

ఆజన్మబ్రహ్మచారియై, విద్యయే కుటుంబముగ జీవించిన రెడ్డిగారు, కడపట మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగ నుండి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన గీర్తిశేషులైరి. ఒక చిత్రమును చదువరులు గమనింతురుగాక. విద్యార్థులు వాదింపరాదని 1817లో సభను మూసినవాడొక వైస్ ఛాన్సలరు. ఆ సభలోనే వాదించి వాసిగాంచి, తన దేశమున విశ్వవిద్యాలయమును గట్టినవాడు నింకొక వైస్ ఛాన్సలరు. ఒకే కళాశాలకు సంబంధించిన యీ యిరువురి నడుమ, యువకుల మాటపై లోకమునకు గల విశ్వాస మెంత పెరిగెనో దీనివలన దెలియును.

ఇక నీ సంచికను బోషించు దాతలకును, విద్యార్థుల తలిదండ్రులకును మా మనవి యొకటి. మన పెద్దలు విద్యార్థి వసతిగృహములను స్థాపించి గొప్ప యుపకార మొనర్చిరి. హైదరాబాదులో 1918లో రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి కృషిచే వెలసిన రెడ్డి హాస్టలు, అందు సురవరము ప్రతాపరెడ్డిగారు విద్యార్థులలో మేల్కొలిపిన భాషాభిమానము, మనకు జిరస్మరణీయములు. అన్నము, పడక, పుస్తకము ఇచ్చిన వసతిగృహములు వాదసభను గూడ నీయవలయును. ఖర్చు స్వల్పము, ఒక గదియు, కొన్ని బల్లలును, వారమున కొక సాయంకాలమును చాలును. బాలురును బాలికలును సమానముగ బాల్గొనవలయును. తెలుగున నొక వారము, ఆంగ్లమున నొక వారము జరుపవచ్చును. బాగుగ బలికినవానికి బహుమాన మిత్తురు గాక. ఎదుటివాని వాదమును బాగుగ విని, దానిని వక్రింపక మరల జెప్పగలిగినవానికి నంతకంటె బెద్ద బహుమాన మీయవలయును. మొదటిసారి లేచి తడబడిన బిడ్డను జూచి నవ్వక, రెండవసారి లేచునట్లు చేయుట పెద్దల విధి.

విశ్వవిద్యాలయములలో నేడు చదువుచున్న మన యువకులు వాదసంఘములలో జేరుటకు సంకోచింపకుందురుగాక. ఓటమికి వెఱవక, గెలుపునకు మిడిసిపడక, తమవారి తప్పును దమవారి యెదుటనే చెప్పగల ధైర్యమును, పరుల యొప్పును పరుల యెదుటనే మెచ్చగల యౌదార్యమును వారు సంపాదింతురుగాక. రామలింగారెడ్డిగారి స్మృతికి మనము చేయదగిన యర్చన యిదియే.